మూడు చుక్కల సిద్ధాంతి

నాకు గడ్డం సరిగా పెరగదు. పది రోజులు వదిలేసినా చెంపల మీద అక్కడొకటి ఇక్కడొకటి మొలుస్తుందే తప్ప నిండుగా రాదు. అయినా నా తెల్లటి గుబురు గడ్డాన్ని చూసి పొద్దున్నే దండం పెట్టుకునేవాళ్లు ఉండేవారు. వాళ్లలో మా అక్క ఒకతి. ఆమె విషయంలో నేను చేసిన తప్పు గురించి రాస్తున్నాను. తప్పు రాతతో చేశాను. ఒప్పుకోవడం మాత్రం ఎక్కువగా నోటితోనే అయింది, అది సరిపోలేదు.

మెదక్‌లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని ఒక వెబ్‌సైట్ నడుపుకుంటూ బతికేవాణ్ని. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "ఇంటర్నెట్ పని" అనేవాణ్ని. దాంతో వాడకట్టులో ఎవరి టీవీ రిమోట్ పనిచేయకపోయినా నా దగ్గరికే తెచ్చేవారు. బంధువులతో మాత్రం, కంపెనీలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తానని చెప్పుకున్నాను. నిజానికి నా సైట్‌లో ఉండేవి రాశిఫలాలు. నాకు జ్యోతిషం రాదు. ఏ రాశి తర్వాత ఏ రాశి వస్తుందో మరిచిపోకుండా కంప్యూటర్ అంచుకు చీటీ అంటించుకున్నాను. ఫలితం చెప్పేవాడికి ఒక ముఖం ఉండాలి కాబట్టి నా ఫొటోకే ఫోన్‌లో గడ్డం, విభూతి, రుద్రాక్షలు తగిలించి ఒక సిద్ధాంతిని పుట్టించాను. జనం చదవడానికి వస్తారు, పేరాల మధ్య ప్రకటనలు కనబడతాయి, వాటిని వేసే సంస్థ నాకు కొంత వాటా పంపుతుంది. మా ఇల్లు గడిచింది దాంతోనే.

మొదట్లో ఎవరికీ హాని చేసే మాట రాయలేదు. "పాత మిత్రులు కలుస్తారు." "ప్రయాణంలో జాగ్రత్త అవసరం." "ఇంట్లో మాట పట్టింపులు ఉంటాయి." మా ఊరి బస్టాండ్‌లో అరగంట నిలబడినవాడికి పాత మిత్రుడు కలవకుండా ఉండడు. బస్సెక్కాక జాగ్రత్త అవసరం లేకుండానూ ఉండదు. ఇక మాట పట్టింపులు లేని ఇల్లు ఎక్కడుంది? కాబట్టి సిద్ధాంతి చెప్పింది చెప్పినట్టు జరిగేది. ఆయనకు మంచి పేరొచ్చింది.

తర్వాత మాంద్యం వచ్చింది. నేను ఎన్నడూ చూడని దేశాల్లో, పేరు కూడా పలకలేని కంపెనీలు ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెట్టాయి. అందరికంటే ముందు కోత పడేది ప్రకటనల మీదేనట. నా పాఠకులు తగ్గలేదు, నా రాత తగ్గలేదు, వచ్చేది మాత్రం సగానికి పడింది. విచిత్రమేమంటే మా ఊళ్లో మాంద్యం ఎక్కడా కనబడలేదు. హోటళ్లు నిండుగా ఉన్నాయి, పెళ్లి బరాత్‌లు దారికి అడ్డం పడుతూనే ఉన్నాయి. మా ఆవిడ వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూసి లోపలికి వచ్చింది.

"మాంద్యం మనింట్లనే పడ్డదా ఏంది? పక్కింటోళ్లు కొత్త ఫ్రిజ్ దించుతున్నరు."

"అది అమెరికాల వచ్చింది."

"అమెరికాల వస్తే గాళ్లింట్ల ఉండాలె గద. మెదక్‌ల మన గుమ్మం ఎవలు సూపించిండ్రు దానికి?"

ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైట్ నడిపే స్నేహితుడు ఒకడు ఉండేవాడు, అతని దగ్గరికి వెళ్లాను. అతని పరిస్థితి నాకంటే అధ్వానం. కొత్త ఉద్యోగాలు లేక, "ఈ వారం ఉద్యోగాలు ఎందుకు లేవు?" అని ఒక పేజీ, "వచ్చే వారం ఉంటాయా?" అని ఇంకో పేజీ పెడుతున్నాడు. చర్చి దారిలో చాయ్ తాగుతూ నా రాశిఫలాలు ఫోన్‌లో చదివి తల పట్టుకున్నాడు.

"అన్నా, పాత మిత్రుడు కలుస్తడు అని రాస్తే ఎవడు ప్రకటన ఇస్తడే? పాత మిత్రుడు ఏమన్న కంపెనీ పెట్టిండా? ఆపరేషన్ అను, ఇన్సూరెన్స్ అను, లోన్ అను, వకీలు అను. ఏ మాట రాస్తే గా మాట ప్రకటనే వస్తది. గీ మాటలకే రేటు."

"రాశిఫలాల్ల ఆపరేషన్ ఎట్ల రాస్తనే?"

"శని రాయంగ లేంది నువ్వు రాయలేవా? ఇంగోటి. హెడ్డింగ్‌ల సగమే చెప్పు. మిగిలింది మూడు చుక్కలు పెట్టు. మనిషన్నోడు చుక్కలు సూసి ఊకోడు, లోపటికి వస్తడు."

ఆ పూటే ఇంటికొచ్చి మొదలుపెట్టాను. ఆ వారం పన్నెండు రాశుల్లో ఎనిమిది రాశులవాళ్లకు ఏదో ఒక అవయవంలో రాళ్లు వచ్చాయి. మిగతా నాలుగు రాశులవాళ్లూ వకీలును కలవాల్సి వచ్చింది. గురుడు ధనుస్సులోంచి నేరుగా ఆరోగ్య బీమాను చూస్తున్నాడని రాశాను. వృశ్చికం వాళ్లకు గృహరుణం మీద అకారణమైన ప్రేమ పుడుతుందని రాశాను. అచ్చుతప్పులు చూసే పని మా ఆవిడది. ఆమె చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"మీనరాశోళ్లకు సోమారం కిడ్నీల రాళ్లు, బుధారం వకీలు, శుక్రారం హోంలోన్. గా మనిషి బతకాల్నా వద్దా?"

"ఎవలు నమ్ముతరు? ఊకె సదువుతరు అంతే."

ఈ మాట నేను అన్నాను. గుర్తుంది. నమ్మేవాళ్లు ఉండబట్టే నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందని తెలిసి కూడా అన్నాను.

అదే రోజుల్లో ఒకనాడు పెట్టిన శీర్షిక ఇది: "కర్కాటక రాశి ఆడవాళ్లు ఈ నెలలో దవాఖాన గడప తొక్కితే..." కింద పేజీ పొడుగునా ప్రకటనలు, అన్నిటికంటే అడుగున అసలు విషయం: ఇన్సూరెన్స్ కాగితాలు వెంట తీసుకెళ్లాలి. అంతే. అందులో భయపెట్టే మాట ఒక్కటి లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పేజీని జనం ఒకరికొకరు పంపుకున్నారు. మాంద్యం మొదలయ్యాక అంతమంది చదివిన పేజీ మరొకటి లేదు. మా ఊళ్లోని ఒక ప్రైవేటు దవాఖాన ప్రకటన కూడా సరిగ్గా ఆ శీర్షిక కిందే వచ్చి కూర్చుంది. పైన సిద్ధాంతి వద్దంటాడు, కింద డాక్టర్ రమ్మంటాడు.

మా అక్కది కర్కాటక రాశి.

అక్క రామాయంపేటలో ఉంటుంది. బస్టాండ్ దగ్గర జాకెట్లు కుట్టే దుకాణం ఆమెది. బావ హైవే పక్కన ట్రాక్టర్లు రిపేర్ చేస్తాడు. సిద్ధాంతిని ఆమె దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో ఎవరో పరిచయం చేశారట. ఒకసారి నేను వెళ్లినప్పుడు ఆయన బొమ్మ ఆమె ఫోన్ తెరిచీ తెరవగానే కనబడేలా పెట్టుకుని ఉంది.

"ఈనె కండ్లు సూడు తమ్మీ. అచ్చం మన బాపు కండ్ల లెక్కనే లేవూ?"

"ఉంటరక్కా, మనిషిని పోలిన మనుషులు."

అప్పుడే చెప్పేయవచ్చు. నవ్వుతో పోయేది. చెప్పలేదు. ఇంటర్ మూడుసార్లు తప్పిన తమ్ముడు ఏదో పెద్ద పని చేస్తున్నాడని ఆమె పదిమందికి చెప్పుకునేది. ఆ గౌరవం పోతుందని భయపడ్డాను.

ఆ శీర్షిక పెట్టి వారం కాకముందే బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, మీ అక్కకు పిత్తాశయంల రాళ్లున్నయన్నరు. చిన్న తూట్లు వెట్టి తీస్తరంట, రెండో రోజు ఇంటికి వోవచ్చంట. డేట్ గూడ ఇచ్చిండ్రు. గిప్పుడేమో నేను రానంటుంది."

"ఎందుకట?"

"ఎవడో గడ్డపోడు దవాఖానకు వోతే సస్తవని రాసిండంట. నువ్వు కంప్యూటర్ తెలిసినోనివి, జర సమజ్ చెయ్యి."

చస్తారని నేను రాయలేదు. నేను రాసింది మూడు చుక్కలు. చావును ఆ చుక్కల్లో అక్క తానే చదువుకుంది. చివరిదాకా చదివిందా అని ఫోన్‌లోనే అడిగాను. వెనక నుంచి అక్క గొంతు వినిపించింది: "అంత కిందికి ఎవలు వోతరు? నడుమల అన్ని సబ్బులు, చీరలు, లోన్లు. సదివేది మీద్నే ఉంటది."

ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ పేజీ తీసేయడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఇంటికి అన్నం పెడుతున్న పేజీ అదొక్కటే. దాన్ని ఉంచి, అక్కను మాత్రం విడిపించే ఉపాయం కోసం వెతికాను. ఇది నా జీవితంలో అన్నిటికంటే తెలివిగా ఆలోచించిన సాయంత్రం, అన్నిటికంటే నీచమైన సాయంత్రం కూడా. ఇంకో పేజీ రాశాను. కర్కాటక రాశి ఆడవాళ్లకు పట్టిన దవాఖాన దోషం, మంజీర ఒడ్డున గుళ్లో ఉన్న అమ్మవారిని దర్శించుకుంటే పూర్తిగా తొలగిపోతుంది. ఆ గుడి ఉన్న ఏడుపాయల మాకు దగ్గరే. అక్క పొద్దున పోయి సాయంత్రానికి వస్తుంది, మర్నాడు దవాఖానకు బయలుదేరుతుంది అనుకున్నాను. దోషం లేదు, పరిహారం లేదు. రెండూ నా బల్ల మీదే పుట్టాయి. ఎక్కడో గుంటూరు దగ్గరి ఆవిడ కింద ప్రశ్న పెట్టింది: మంజీర మాకు చాలా దూరం, కృష్ణ పనికొస్తుందా? పనికొస్తుందని సిద్ధాంతి జవాబిచ్చాడు.

వానాకాలం సంగతి మరిచిపోయాను. పైనుంచి నీళ్లు వదిలితే మంజీర పొంగి అమ్మవారి గుడి ముందు నుంచి పారుతుంది. అప్పుడు గుడి మూసి, రాజగోపురం దగ్గర ఉత్సవ విగ్రహం పెట్టి పూజలు చేస్తారు. మెదక్‌లో పుట్టినవాడెవడికైనా తెలిసిన సంగతే. అక్క పక్కటెముకల కింద చేయి పెట్టుకుని, బావ బండి వెనక కూర్చుని పోయింది. సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"దర్శనమైందా అక్కా?"

"గోపురం కాడ మొక్కిన తమ్మీ. గుడి నీళ్లల్ల ఉంది."

"మొక్కితె సాలు గద. ఇగ ఆపరేషన్‌కు వో."

"ఎట్ల సాలుతది? గుళ్లె ఉన్న అమ్మోరు అని రాసిండు ఆయన. గోపురం అన్లే. పెద్దమనిషి ఊకె రాస్తడా? నీళ్లు తగ్గినంక మల్ల వోత."

వాన తగ్గలేదు. పరిహారం పేజీ కూడా బాగా నడిచింది. నేను అక్కకు రోజూ ఫోన్ చేసి నొప్పి ఎట్లా ఉందని అడిగేవాణ్ని, పెట్టేసి ఆ రెండు పేజీలను ఎంతమంది చూశారో చూసుకునేవాణ్ని. ఈ రెండు పనులూ ఒకే కుర్చీలో కూర్చుని చేశాను. అట్లా నెల దాటింది.

చివరికి మా ఆవిడ కంప్యూటర్ తీగ పీకేసింది.

"వదిన రాత్రి సలిజ్వరంతోటి వణికిందంట. అన్న ఫోన్ చేసిండు. మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

"సిద్ధాంతితోనే ఇంకోటి రాయిస్త. గోపురం గూడ సాలని..."

"మల్లా చుక్కలేనా?" అంది.

ఆ పొద్దున్నే రామాయంపేట బస్సెక్కాను. అక్క మిషన్ ముందు స్టూలు మీద వంగి కూర్చుని ఉంది. ముఖం పసుపు పచ్చగా ఉంది. బావ కూడా దుకాణంలోనే ఉన్నాడు. జాకెట్ కోసం వచ్చిన ఒకావిడ బల్ల మీద కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను.

"అక్కా, గా సిద్ధాంతిని నేనే."

అక్క సూదిలో దారం ఎక్కించడం ఆపలేదు. "ఏ సిద్ధాంతి?"

"నీ ఫోన్‌ల ఉన్నాయినె. గది నా ఫొటో. గడ్డం పెట్టిన. రాసేది గూడ నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. నవ్వితే నొప్పి లేచి పక్క పట్టుకుంది. "నువ్వు సిద్ధాంతివా? నీకు పంచాంగం తిరగేసి ఇస్తే తెలుస్తదా? సరే, వచ్చే వారం నాకెట్లుందో చెప్పు."

"ఇంక రాయలే అక్కా. ఆదివారం రాస్త."

"సూసినవా! సిద్ధాంతైతే ముందుగాల తెలుస్తది. ఆదివారం దాక ఆగుతడా?"

జాకెట్ ఆవిడ కూడా ఆమె పక్షమే. "నిజమే కదక్కా. తమ్మునికి నీ మీద ప్రేమ, పావురం, గందుకే అబద్ధం చెప్తుండు."

నిజం చెప్పి నమ్మించలేని స్థితి ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె ఫోన్ తీసి ఆమె ఒళ్లోనే పెట్టాను. ఆమె ఫోన్‌లో ఆ పేజీ తెరిపించి, నా ఫోన్‌లో శీర్షిక కొట్టేసి, "రామాయంపేటలో జాకెట్లు కుట్టే మా అక్క ఈరోజే దవాఖానకు పోవాలి" అని రాసి, మళ్లీ చూడమన్నాను. ఆమె తెర మీద వేలితో లాగింది. సిద్ధాంతి బొమ్మ కింద ఆ మాటలు వచ్చాయి. ఇంకోసారి లాగింది. అవే మాటలు. బావ ఒక్కసారి పగలబడి నవ్వి, అక్క ముఖం చూసి ఆపేశాడు.

అక్క ఫోన్‌ను మిషన్ మీద బోర్లా పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నాకు నొప్పి లేస్తుందని నీకు తెల్సు. రోజు ఫోన్ చేసినవు."

"తెల్సు."

"తెల్సి గూడ గట్లనే ఉంచినవా?"

"ఉంచిన."

"ఎందుకు?"

"గదొక్కటే నడుస్తుండె అక్కా."

ఆమె తిట్టలేదు. జాకెట్ ఆవిడతో "సోమారం రాకు, పది రోజులు ఆగు" అని చెప్పి, మిషన్ మీద గుడ్డ కప్పి లేచింది. బావతో "నడువు" అంది. నేను వెనక నడిచాను.

మెదక్‌లో, నా పేజీ మీద ప్రకటన వచ్చిన ఆ ప్రైవేటు దవాఖానలోనే, డాక్టర్ కొత్త స్కాన్ చూసి నెల కింద రావాల్సింది అన్నాడు. చీము పట్టింది. చిన్న తూట్లతో కుదరదు, పొట్ట కోయాలి, ఆ తర్వాత కూడా కొన్ని రోజులు చెప్పలేమన్నాడు. ఎందుకు ఆలస్యం చేశారని అడిగాడు. బావ నా వైపు చూశాడు. నేను డాక్టర్‌కు జరిగింది చెప్పాను.

డాక్టర్ కలం కింద పెట్టి మేనేజర్‌ను పిలిచాడు. "మొన్నటి సంది ఆడవాళ్ల ఆపరేషన్లు ఎందుకు తగ్గినయో తెలిసింది, ఇగో ఈయన" అన్నాడు. మేనేజర్ పాపం మర్యాదస్తుడు. కుర్చీ చూపించి మరీ చెప్పాడు.

"సార్, మేము మాంద్యం అనుకున్నం. మా చైర్మన్ సార్‌కు గదే చెప్పినం. ఖర్చులు తగ్గించుమన్నడు. ముందుగాల ఇంటర్నెట్‌ల ప్రకటనలు బంద్ వెట్టినం."

నేను ఆ కుర్చీలో కూర్చుని ఆ లెక్కను అర్థం చేసుకున్నాను. మాంద్యానికి భయపడి నేను ఆడవాళ్లను భయపెట్టాను, వాళ్లు దవాఖానకు రావడం మానేశారు, దవాఖాన మాంద్యం వచ్చిందనుకుని నా పేజీ మీద ప్రకటన తీసేసింది, నాకు వచ్చేది ఇంకా తగ్గింది, తగ్గిందని నేను ఇంకా గట్టిగా భయపెట్టాను. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన మాంద్యానికి మెదక్‌లో సొంత శాఖ ఒకటి తెరిచి, మేనేజరూ గుమాస్తా నేనే అయి నడిపాను.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. తలుపు బయట బావ నాకు దూరంగా కూర్చున్నాడు. అక్కడే ఫోన్ తీసి సైట్‌లో ఉన్న రాశిఫలాలన్నీ తీసేశాను. సిద్ధాంతి బొమ్మ తీసి నా ముఖం పెట్టి, ఇవన్నీ జ్యోతిషం రాని నేనే రాశానని, దవాఖాన పనులు ఆపుకున్నవాళ్లు వెంటనే పోవాలని రాశాను. ఈసారి అసలు విషయం పైనే పెట్టాను. కింద మొదటి జవాబు వచ్చింది: "సిద్ధాంతి గారి సైట్‌ను ఎవరో దొంగలు పట్టుకున్నారు. ఈ గడ్డం లేని మనిషిని నమ్మకండి."

తర్వాతి నాలుగు రోజులు అక్కకు జ్వరం దిగలేదు. ఐదో రోజు దిగింది. కళ్లు తెరిచి మొదట బావను చూసింది, తర్వాత నన్ను. పక్క మంచం మీద కడుపునొప్పితో చేరిన ఒక పెద్దావిడ ఉంది. అక్క గొంతు పెగల్చుకుని నాతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"గామెకు చెప్పినవా?"

"ఏంది?"

"నువ్వెవలో."

చెప్పాను. ఆ పెద్దావిడ కర్కాటకం కాదు, సింహం. అయినా వెంట రావాల్సిన కోడలిది కర్కాటకం కావడంతో నెల రోజులు ఆగిందట. నన్ను గట్టిగానే తిట్టింది, నా మీసాన్ని కూడా వదల్లేదు. అక్క కళ్లు మూసుకుని మొత్తం విన్నది. మర్నాడు ఆ మంచంలోకి ఇంకొకరు వస్తే వాళ్లకూ చెప్పించింది. నర్సులకు చెప్పించింది. ఊడ్చే ఆమెకు చెప్పించింది. నేను ఉన్నన్ని రోజులూ రోజుకొకరికి చెప్పాను. కొందరు తిట్టారు, ఒకరిద్దరు మా చేయి కూడా చూడమన్నారు.

ఇప్పుడు దుకాణాలకు, ఫంక్షన్ హాళ్లకు వెబ్‌సైట్లు చేసి ఇస్తున్నాను. బంధువులకు ఎప్పుడో చెప్పిన అబద్ధం అట్లా నిజమైంది. పని తక్కువ, తిరుగుడు ఎక్కువ. అక్క రామాయంపేటలో మళ్లీ కుడుతోంది, బరువు ఎత్తకూడదు, వంగి ఎక్కువసేపు కూర్చోకూడదు. పాత గిరాకీ సగం వేరే దుకాణానికి పోయింది. ఆదివారాలు నేను పోయి దుకాణం ఊడ్చి, నీళ్లు పట్టి, కుట్టిన జాకెట్లు ఇళ్లకు చేరవేసి వస్తాను. ఆమె అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు.

మొన్న ఆదివారం నేనే ఎత్తాను. జరిగిందంతా రాద్దామనుకుంటున్నానని, రాయమంటావా అని అడిగాను. ఆమె కత్తెర పక్కన పెట్టి కొంచెంసేపు ఆలోచించింది.

"రాయి. గానీ ఆఖర్ల అక్క మాఫ్ చేసిందని రాయకు, సదివేటోళ్ల మనసుకు సుకూన్‌గ ఉంటదని. నేనింక చెయ్యలే."

సరే అన్నాను. ఆమె ఇంకా చేయలేదు.